తెడ్డుకు నేను బిగించిన స్క్రూలు

పై ఫ్లాట్‌లో ఎవరైనా డ్రిల్లింగ్ మెషీన్ ఆన్ చేస్తే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. ఎబియెరె గారి పడవ తెడ్డు గుర్తొస్తుంది. కెనడాలోని గ్వెల్ఫ్‌లో నేను చేరిన ఫర్నిచర్ ఫ్యాక్టరీలో ఆవిడ మా సూపర్‌వైజర్. నైజీరియాలో ఏటిపాయల మధ్య బతికే ఇజో వాళ్ళ ఆడపడుచు. చెక్కను వేలితో తడిమి దాని గుణం చెప్పడం నాకు ఆవిడే నేర్పారు.

ఒకసారి ఫ్యాక్టరీలో దేశదేశాల వస్తువుల ప్రదర్శన పెట్టారు. ఒక్క రోజుకని అడిగితే ఆవిడ తన నాన్న చెక్కిన తెడ్డు తెచ్చారు. వెడల్పాటి భాగమంతా జల్లెడలా తొలిచి, మధ్యలో బల్లిని నిలిపిన పని. "దీంతో పడవ నడిపితే విరిగిపోతుంది. మా ఇంట్లో ఎవరైనా పోతే, పట్టుకుని ఆడతాం," అన్నారు. మర్నాడు ఆవిడ సెలవు. మేనేజర్ నన్ను పిలిచి దాన్ని రిసెప్షన్ గోడకు బిగించమన్నాడు. ఆవిడను అడిగారా అన్న మాట గొంతుదాకా వచ్చింది, మింగేశాను. "పీఆర్ వచ్చి ఇక్కడ స్థిరపడేదాకా ఎవరితోనూ పెట్టుకోకే," అని మా ఆయన రోజూ పాడే పాటొకటి. డ్రిల్లింగ్ మెషీన్ పెట్టి చెక్కలోంచి రెండు స్క్రూలు దించాను. బల్లి తోక చిట్లింది. వంకర రాకూడదని రసమట్టం పెట్టి మరీ చూశాను, సిగ్గులేనిదాన్ని!

ఆవిడ వచ్చి అడిగితే రేపు, ఎల్లుండి అంటూ మేనేజర్ దాటేశాడు. ఇంతలో ఆవిడ తల్లి పోయారు. శనివారం టొరంటోలో వాళ్ళవాళ్ళంతా చేరి ఆడతారు, తెడ్డు కావాలన్నారు.

"అలంకారానికి చేసిందేగా, అక్కడే ఉండనివ్వండి. తీస్తే గోడ పాడవుతుంది," అన్నాడతను.

గోడట! తలచుకుంటే ఇవాళ్టికీ పళ్ళు నూరుతాను. ఆవిడ వాదించలేదు. స్క్రూడ్రైవర్ తెచ్చి, అందరూ చూస్తుండగా తనే విప్పుకున్నారు.

"ఎవరు బిగించారు?"

"నేనే. భయమేసిందండీ."

"నీ బల్ల నా బల్ల పక్కనే. ఒక్క మాట అడగడానికి ఎంత దూరం నడవాలి? భయం నాకు లేదా? భయపడుతూనే అడగాలి."

శనివారం నేనూ వెళ్ళాను. తల్లి కోసం ఆవిడ తెడ్డు వేస్తున్నట్టు ఆడుతుంటే తలెత్తి చూడలేకపోయాను. తర్వాత ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు, పని నేర్పడం మానలేదు. తిట్టినా బాగుండేది. ఆ తెడ్డు నిండా వాళ్ళ నాన్న తొలిచిన రంధ్రాలే. వాటి మధ్య నావి రెండూ ఎక్కడున్నాయో ఇవాళ్టికీ కళ్ళు మూసుకుని చెప్పగలను.