మెషీనమ్మ, నేను, నా థాయి మాటలు

ఆ రోజుల్లో నేను పట్టు పడితే రాని విద్య అంటూ ఏదీ ఉండదని నాకో గట్టి నమ్మకం. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియదు. డిగ్రీ కాగానే తిరుపతిలో, అలిపిరి వైపు పోయే దారిలో ఒక చిన్న గదిలో ఉండి బ్యాంకు పరీక్షలకు చదివాను. బ్యాంకులు నన్ను వద్దన్నాయి. చిత్తూరుకు తిరిగొచ్చి, బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబులో చేరాను. గుజ్జు తీపి, పులుపు, చిక్కదనం చూసి చెప్పడం నా పని. కాయలున్నంత కాలమే ఆ ఉద్యోగం. తోతాపురి కాయల లారీలు ఆగిపోగానే మాలో చాలామందిని ఇంటికి పంపేస్తారు. ఇంట్లో నాయన, నేను మళ్లీ పరీక్షలు రాయకపోతానా అని, ఆ పుస్తకాలను అటక మీదికి ఎక్కించకుండా కంటికి కనపడేలా పెట్టుకుని ఉన్నాడు. అందుకని ఎలాగైనా ఆ ఫ్యాక్టరీలోనే నిలదొక్కుకోవాలని పంతం పట్టి ఉన్నాను.

అప్పుడే ఒకరోజు మేనేజరు సారు మమ్మల్నందరినీ పిలిచి, గుజ్జును సంచుల్లో నింపే కొత్త మెషీను వస్తోందనీ, దాన్ని బిగించి నడిపి చూపడానికి థాయిలాండు నుంచి ఒక ఇంజనీరమ్మ వస్తుందనీ, ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రమనీ చెప్పాడు. (మాకూ అంతే. ఆ సంగతి ఆయన చెప్పలేదు.) ఆమె పక్కనుండి మాటసాయం చేస్తూ మెషీను పని నేర్చుకున్నవాళ్లను కాయల కాలం అయిపోయాక కూడా ఉంచుకుంటామన్నాడు. ఆయన ముగించకముందే నా చెయ్యి లేచింది. "నీకు థాయి వచ్చునా పాపా?" అని అడిగాడు. "ఆయమ్మ వచ్చేలోపల వచ్చేస్తాది సార్" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఆ సాయంత్రమే ఫోనులో వెతికి ఒక గురువును సంపాదించాను. బ్యాంకాకులో ఎక్కడో కూర్చుని ఉచితంగా పాఠాలు చెప్పే నవ్వుమొహం కుర్రవాడు. చిత్తూరు నుంచి బంగారుపాళ్యం పోయే బస్సులో, చెవుల్లో అతని గొంతు పెట్టుకుని, పెదవులు కదుపుతూ కూర్చునేదాన్ని. మొదట్లో అంతా సులువుగానే తోచింది. ఆహారాన్ని వాళ్లు ఆహాన్ అంటారు, వేళను వేలా అంటారు. సగం భాష మనదేనని పొంగిపోయాను. తరువాత తెలిసింది, ఆ భాషలో అక్షరాలు సరిగ్గా పలికితే చాలదు, గొంతు ఎక్కడ లేపాలో ఎక్కడ దించాలో కూడా తెలియాలని. 'మా' అని సమంగా అంటే రావడం. గొంతు పైన పెట్టి అంటే గుర్రం. కింద మొదలుపెట్టి పైకి లాగితే కుక్క. నేను ఇంట్లో గిన్నెలు తోముతూ కుక్కనూ గుర్రాన్నీ పిలుస్తుంటే మా అవ్వకు దిగులు పట్టుకుంది. "ఏమైందే నీకు? నిన్నట్నుంచి మేక మాదిరి అరస్తా ఉండావు" అని మిరియాల కషాయం కాచి ఇచ్చింది. తాగి, మళ్లీ అరిచాను.

ఇంజనీరమ్మ వచ్చింది. నడివయసు మనిషి. కురచ జుట్టు, నడుముకు పనిముట్ల సంచి, తక్కువ మాట. మా వాళ్లు ఆమెకు అప్పటికప్పుడు మెషీనమ్మ అని పేరు పెట్టేశారు. నేను చేతులు జోడించి, నేర్చుకున్న నాలుగు వాక్యాలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆమె కళ్లు ఒకసారి పెద్దవయ్యాయి. పెదవులు బిగబట్టి, మెడ వంచి, ఎంతో మర్యాదగా జవాబు చెప్పింది. నా ఉచ్చారణకు అబ్బురపడిందని నేను అనుకున్నాను. ఆ తరువాత నేను నోరు తెరిచినప్పుడల్లా ఆమె అలాగే పెదవులు బిగబట్టేది. ఖుషీగా ఇంకా ఎక్కువ మాట్లాడాను.

మెషీను మొదలుపెట్టే రోజు వచ్చింది. బంతిపూల దండ వేసి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాం. గేటు దగ్గర కాయల లారీలు ఎండలో వరసగా ఆగి ఉన్నాయి. మీట నొక్కబోతూ మెషీనమ్మ నా వైపు చూసి నవ్వింది. ఇంత మంచి సమయంలో ఒక మంచి మాట చెప్పాలి కదా అని, పూలదండతో మెరిసిపోతున్న మెషీనును చూపించి, ఇది చాలా అందంగా ఉందని థాయిలో గట్టిగా అన్నాను.

ఆమె చెయ్యి మీట మీదే ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది, మెషీనును చూసింది. పనిముట్ల సంచి విప్పి, మూతలన్నీ ఊడదీసి, ఒక్కొక్క మరనూ, ఒక్కొక్క గొట్టాన్నీ మొదటి నుంచి తడిమి చూడడం మొదలుపెట్టింది. మేనేజరు సారు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఆయమ్మకి ఏమి జెప్పినావు?" అన్నాడు. బాగుందని చెప్పినానన్నాను. "బాగుందంటే ఎందుకప్పా ఊడదీస్తా ఉండాది? ఆడ కాయలు మగ్గిపోతా ఉండాయి" అన్నాడు. నా ఉద్యోగం, లారీల్లోని కాయలు, నాయన అటక ఎక్కించని పుస్తకాలు అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరిగాయి. ఒక్క క్షణం ల్యాబులోకి పోయి తలుపేసుకుందామనిపించింది. కానీ మాట నాది. దాన్ని నేనే సరిచేయాలి.

మెషీను పక్కన ఆమెకు ఎదురుగా కింద కూర్చున్నాను. నా జడలోని మల్లెపూలు చూపించి ఆ మాటే అన్నాను. బంతిపూల దండ పట్టుకుని మళ్లీ అన్నాను. మెషీనమ్మ చేతిలోని స్పానరు ఆగింది. "సువై?" అంది, గొంతును కింది నుంచి పైకి సాగదీసి. నేను తల ఊపాను. నేనన్నట్టే చదునుగా ఒకసారి అని, వచ్చీరాని ఇంగ్లీషులో దాని అర్థం చెప్పింది. పైకి లాగితే అందం. చదునుగా అంటే దరిద్రం, శని పట్టడం. టెంకాయ కొట్టిన మెషీనును పట్టుకుని, అందరి ముందూ, ఇది శని పట్టిన మెషీను అన్నాను నేను. లోపల ఏదో తప్పు నా కంటపడిందని ఆమె అనుకుంది.

అప్పుడు ఆమె నవ్వడం మొదలుపెట్టింది. అన్నాళ్లు బిగబట్టిన నవ్వంతా ఒక్కసారి బయటికొచ్చేసరికి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకుని, ఇంకో సంగతి కూడా చెప్పింది. నేను ప్రతి మాట చివరా మర్యాదకు అంటున్న 'ఖ్రప్' మగవాళ్లు అనేదట. ఆడవాళ్లు 'ఖా' అనాలట. 'నేను' అనడానికి వాడే 'ఫొమ్' కూడా మగవాళ్లదేనట. నా గురువు మగవాడు కాబట్టి అతను అన్నట్టే నేనూ అన్నాను. పూలజడ వేసుకుని అన్నాళ్లుగా ఆమె ముందు 'నేను వచ్చినాడు, నేను తిన్నాడు' మాదిరి మాట్లాడుతూ తిరిగానన్నమాట.

మూతలు బిగించడానికి నేనూ చేయి వేశాను. సాయంత్రానికి మెషీను నడిచింది. మొదటి సంచి నిండగానే మేనేజరు సారు దాన్ని పసిబిడ్డను నిమిరినట్టు నిమిరాడు. ఆ రోజే నేను మెషీనమ్మను బతిమాలుకున్నాను, ఇకమీదట మర్యాద చూడకుండా తప్పు పలికినప్పుడల్లా ఆపి దిద్దమని. ఆమె నిజంగానే ఆపింది. ఎంత ఆపిందంటే, నీళ్లు కావాలా అని అడిగేలోపు ఆమె దాహం తీరిపోయేది. నేను మీరు, మీరు అంటుంటే అలా ఎవరూ అనరని చెప్పి, తనను 'ఫీ' అనమంది, అంటే అక్క. నన్ను 'నోంగ్' అంది, చెల్లెలు. పొద్దున్నే మీరు క్షేమమా అని నేను పుస్తకంలోలాగా అడిగితే, తన ఊళ్లో 'కిన్ ఖావ్ రె యాంగ్' అంటారంది. అన్నం తింటివా అని. అది విని నాకు నవ్వొచ్చింది. మా వీధిలో మాత్రం క్షేమమా అని ఎవరు అడుగుతారు? అప్పటినుంచి మాటలను తెలుగులోంచి మోసుకుపోవడం మానేసి, మా అవ్వ అయితే ఈ మాట ఎప్పుడు అంటుందా అని ఆలోచించేదాన్ని. దాంతో నోరు కొంచెం దారికొచ్చింది.

కాయల కాలం అయిపోయింది. అక్క వెళ్లిపోయింది. నన్ను మెషీను దగ్గరే ఉంచేశారు. నాయన పుస్తకాలను అటకెక్కించాడు. ఇప్పుడు అక్కతో ఫోనులో గంటసేపు మాట్లాడినా ఆమె నన్ను ఆపదు.

మొన్న పాత ఫోను ఒకటి దొరికితే, ఛార్జింగు పెట్టి చూశాను. అందులో నేను బస్సులో పాఠం వల్లెవేస్తూ రికార్డు చేసుకున్న గొంతు ఉంది. వెనక కండక్టరు పలమనేరు, పలమనేరు అని కేకేస్తున్నాడు. ఆ పిల్ల కండక్టరుకు కూడా జంకకుండా, ఒక్క మాటైనా సరిగ్గా పలకకుండా, పాఠం చివరిదాకా చదివేసింది. చివర్లో తనకు తానే థాయిలో శభాష్ చెప్పుకుంది, అదీ తప్పుగా. దిద్దబోయి, నోటిదాకా వచ్చిన మాటను ఆపేసుకున్నాను. మొదటి నుంచి ఇంకోసారి విన్నాను.