తూర్పు తప్పిన మూడో వరుస

మరణాన్ని గెలిచి లేచిన ప్రభువుకు స్తోత్రం. ఇంతవరకు నడిపించినవాడు ఆయనే.

1938లో నన్ను సెకండ్ గ్రేడ్ సర్వేయరుగా ఉప్పుగూడకు వేశారు. అక్కడి మా క్రైస్తవుల సమాధుల తోట హద్దులు కొలిచి నక్షా గీయాలి. ఇద్దరు చైన్‌మెన్ కొలత గొలుసు లాగుతారు, నేను దిక్సూచితో దిశ చూసి ఫీల్డుబుక్కులో రాస్తాను.

మావాళ్లను తల పడమటికి, కాళ్లు తూర్పుకు పెట్టి పాతిపెడతారు. ప్రభువు తూర్పున వస్తాడని, బూర మోగగానే లేచినవాడు ఆయనకు ఎదురుగా నిలవాలని పెద్దల నమ్మకం. మూడో వరుస మాత్రం ముప్పై డిగ్రీలు దక్షిణానికి తిరిగి ఉంది. తవ్వినవాడు పొద్దును చూడక, వంకర ప్రహరీని చూసి గీత గీశాడు. ఆ మాట నేను చైన్‌మన్‌తో పైకి అనడమే తప్పయింది. అదే వరుసలో భర్త సమాధి మీద గడ్డి పీకుతున్న శాంతమ్మ విన్నది. లేచి, ఆయన కాళ్లు తిరిగిన వైపు చూసింది. ఎదురుగా పాలవాళ్ల బర్రెల కొట్టం.

"ఏంది సారూ, మా ఆయన లేసి కండ్లు తెరిస్తె ఎనుములు కనవడుతయా?"

తవ్వి తిప్పేదాకా కదలనని అక్కడే కూర్చుంది. సమాధి తెరవాలంటే సర్కారు ఇజాజత్, అంటే అనుమతి, కావాలన్నాను. "అయితె రాయి అర్జీ" అంది.

పాస్టరుగారికి కబురు పంపాను. ఆయన వచ్చి నిదానంగా చెప్పారు: ఆత్మ ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉంది, ఇక్కడున్నది మట్టి, ఆ దినాన ఆయన పిలిస్తే మనిషి తానే తిరుగుతాడు.

"ముప్పై ఏండ్లు నేను పిలిస్తె తిరగలే అయ్యగారూ. గోడదిక్కే పండేటోడు."

"అప్పుడు పిలిచింది నువ్వు శాంతమ్మా" అన్నారాయన.

ఆమె లేచి కొంగుకంటిన మట్టి దులుపుకుంది. చివరికి, భర్తను కదపొద్దంది. ఆయనకు ఉత్తరాన తనకోసం ఉంచుకున్న జాగా మాత్రం నన్నే కొలవమంది.

"నాది సక్కగ తూర్పుకు వెట్టు సారూ. ఆయన ఇననట్టు పంటె నేనే భుజం వట్టి తిప్పుత."

దిక్సూచి పెట్టి నాలుగు మేకులు దిగ్గొట్టాను. రెండు జాగాలూ తలల దగ్గర దాదాపు తాకాయి. నక్షాలో అలాగే గీశాను. పక్కపక్క జాగాలు రెండు దిక్కులకెందుకున్నాయని పైఅధికారి సంజాయిషీ అడిగితే, కొలత సరిగానే ఉందని జవాబు రాశాను.

కొలత నిజమైనా, ఎవరు వింటున్నారో చూసి చెప్పాలని ఆనాడు నేర్చుకున్నాను. దిక్సూచి దేహం పడుకున్న దిశ వరకే చెబుతుంది. ఆత్మ సంగతి వాక్యాన్ని అడగాలి.

చదివేవారు నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, నీవు పిలిచిన దినాన రెండోసారి పిలిపించుకోకుండా లేచే చెవులు మాకియ్యి. ఆమేన్.