బాబాయి చేతిలోని సెట్టు

మొన్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. తనూ తన ఆఫీసు స్నేహితులూ కలిసి అడవి కొండల్లో నడవడానికి వెళుతున్నారట, అక్కడ సెల్‌ఫోన్లు పనిచేయవు కాబట్టి వాకీటాకీలు తీసుకెళ్ళాలనుకుంటున్నారట, ఏవి మంచివో, వాటిలో ఛానెళ్ళు ఎలా పెట్టుకోవాలో చెప్పమని అడిగి, నాలుగైదు బొమ్మలు కూడా పంపింది. పెద్దమ్మకి ఒకప్పుడు ఇదే పిచ్చి అని ఎవరో చెప్పి ఉంటారు. ఆ పిచ్చి ఎలా తగ్గిందో మాత్రం వాళ్ళమ్మ చెప్పి ఉండదు. ఒక బొమ్మలో, సెట్టు అద్దం మీది అంకెల పక్కన, గోటితో గీసినట్టున్న చిన్న అడ్డగీత కనిపించింది.  అంతే, రేపు చెబుతానమ్మా అని ఫోన్ పెట్టేసి, ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను.

మా తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, వీధి మొత్తానికి ఒక ఫోను ఉండి, ట్రంకాల్ వచ్చిందంటే ఎవరికేమయిందోనని గుండెలు పట్టుకుని పరుగెత్తిన రోజులు. అలాంటి రోజుల్లో తీగలూ స్తంభాలూ లేకుండా మాట గాలిలో ఎగిరి వెళ్ళడమంటే మాకు ఎంత మోజో ఇప్పటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. తెనాలిలో నేను సైన్సు టీచరుగా చేరిన కొత్తల్లో, తంతి ఆఫీసులో పని చేసి రిటైరైన మా బాబాయి, భోజనాల బల్ల మీద చెంచాతో కొట్టి నాకు మోర్సు నేర్పాడు. నాన్న పోయాక మా అక్కచెల్లెళ్ళిద్దరినీ పెంచింది ఆయనా పిన్నీ. బాబాయీ నేనూ కలిసి పరీక్ష రాసి, సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళకిచ్చే హామ్ లైసెన్సు తెచ్చుకున్నాం. బాపట్లలో ఒక లెక్కల మాస్టారు, రేపల్లెలో బ్యాంకులో పనిచేసే ఒకాయన, ఈయన్ని మేం అన్నయ్యగారూ అని పిలిచేవాళ్ళం, వీళ్ళిద్దరికీ అదే పిచ్చి. నలుగురం కలిసి ఒక చిన్న జట్టు అయ్యాం. సెలవు దొరికితే సూర్యలంక తీరానికి పోయేవాళ్ళం, లేదా చెరుకుపల్లి రోడ్డు మీద సైకిళ్ళకి బరువైన రేడియో పెట్టెలు కట్టుకుని తలో కాలవగట్టూ ఎక్కి, ఎంత దూరం మాట అందుతుందో చూసుకుంటూ, మధ్యలో పులిహోర పొట్లాలు విప్పేవాళ్ళం.

తొంభైల మొదట్లో, చేతిలో ఇమిడే సెట్లు కొనుక్కోవాలన్న ఆశ పుట్టింది. మాస్టారి బావమరిది ఓడ ఉద్యోగి, సింగపూరు నుంచి తేగలనన్నాడు. ఏవి తెప్పించుకోవాలనే దాని మీద మాలో మాకు నెలరోజులు ఉత్తరాలు నడిచాయి. ఒక రకం సెట్లలో ఛానెల్‌కొక చిన్న స్ఫటికం బిగించి ఉంటుంది, దాని ఫ్రీక్వెన్సీ మీదే సెట్టు పలుకుతుంది, మార్చడానికి వీల్లేదు. రెండో రకానికి ఫోను మీద ఉన్నట్టు అంకెల మీటలుంటాయి, కావలసిన ఫ్రీక్వెన్సీ అంకె నొక్కి, పది దాకా జ్ఞాపకంలో దాచుకోవచ్చు. నేను మీటలవే కావాలని పట్టుబట్టాను. బాబాయికి మాత్రం మొదటి రకమే నచ్చింది. "మార్చే వీలుంటే తప్పే వీలూ ఉంటుందమ్మా," అన్నాడు. నేను నవ్వేసి, కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా టార్చిలైటు బ్యాటరీలు వేసుకునే పెట్టెలు కూడా కావాలని రాసి పంపించాను. మూడు సెట్లు వచ్చాయి, ఊరికొకటి.

వాటికి ఛానెళ్ళు పెట్టే పని నాది. ఇంగ్లీషు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆ మీటలు నొక్కుతూంటే నాకు నేనే ఇంజనీరునన్నంత గర్వంగా ఉండేది. మా తెనాలి సెట్టుతో ఒక వారం డాబా ఎక్కి ఇంకో ప్రయత్నం కూడా చేశాను. దూరాన కొండ మీద రిపీటరు అనే యంత్రం ఉండేది, అది ఒక అంకె మీద మన మాట విని, ఇంకో అంకె మీద గట్టిగా మళ్ళీ పలుకుతుంది. దాన్ని అందుకోవాలంటే మన సెట్టు ఒక అంకె మీద వింటూ, పాయింట్ ఆరు కిందికి జరిగి మాట్లాడాలి. అలా పెట్టినప్పుడు అద్దం మీద చిన్న మైనస్ గుర్తు వస్తుంది. రిపీటరు అందలేదు. నేను డాబా దిగి ఆ సంగతి మర్చిపోయాను.

ఆ చలికాలంలో రేపల్లె అవతల, కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర మడ అడవుల్లో పడవల మీద తిరిగి రావాలని అనుకున్నాం. ఆదివారం చర్చి మానడం పిన్నికి ఇష్టం ఉండదు కాబట్టి రెండో శనివారం పెట్టుకున్నాం. శుక్రవారం సాయంత్రం మూడు సెట్లూ మా ఇంటికి చేరాయి. మూడింటిలోనూ ఒకటో ఛానెల్‌లో నూట నలభై ఐదు పాయింట్ ఐదు పెట్టి దాచాను. మాస్టారి సెట్టులో మాట్లాడితే మిగతా రెండూ పలికాయి. తిప్పి ఒక్కొక్క దానిలోంచీ మాట్లాడి చూడాలి, ఆ మాత్రం నాకు తెలుసు. ఈలోగా పిన్ని అన్నానికి పిలిచింది, చూడకుండానే లేచాను.

పొద్దున రేవుకి చేరేసరికి నీళ్ళ మీద పల్చగా మంచుంది. అన్నయ్యగారు ఒక సెట్టుతో కరకట్ట మీదే ఉండిపోయారు. ముందు పడవలో నేనూ మాస్టారూ, వెనక పడవలో బాబాయీ మా చెల్లెలూ. మా పడవ నడిపింది అరవై ఏళ్ళ ముసలాయన, వెనక పడవ ఆయన అల్లుడిది. కూతురి పెళ్ళయి ఆర్నెల్లు, అల్లుడు ఈ పాయల్లోకి కొత్త. కదిలే ముందు నేను సెట్టులో, బాబాయ్, వినిపిస్తోందా అన్నాను. ఆయన తన సెట్టు నోటి దగ్గర పెట్టుకుని బ్రహ్మాండం అన్నాడు. రెండు పడవల మధ్య నాలుగు గజాలు లేవు. ఆ మాట నా సెట్టులోంచి రాలేదని, మామూలుగా చెవికే వినబడిందని నాకు తట్టలేదు.

పావుగంట గడిచేసరికి పల్చటి మంచు దూదిలా చిక్కబడింది. ముసలాయన పడవ తోసే గెడ ముందుకి చాచితే దాని కొస కనిపించలేదు. ఆయన పడవ ఆపి, మడచెట్టు కొమ్మకి తాడు కట్టి, వెనక వాళ్ళు వస్తారు ఉండండమ్మా అన్నాడు. ఎంతసేపటికీ రాలేదు. కేకేశాడు. మంచులో కేక పక్కకి పోయి ఎక్కడో పడిపోయినట్టుంది. నేను సెట్టు తీసి పిలిచాను. సన్నటి బుస తప్ప ఏమీ లేదు. అన్నయ్యగారు మాత్రం కట్ట మీద నుంచి, మీరు వినబడుతున్నారు గానీ వాళ్ళు వినబడటం లేదన్నారు.

నిమిషానికోసారి పిలిచాను. బాబాయ్, ఎక్కడున్నారు, పలకండి. చెల్లీ, పలకవే. ప్రతిసారీ మీట వదిలి చెవికి ఆనించుకోవడం, ఆ బుస వినడం. అంతసేపు అంత భయంతో వింటే ఆ బుసలో మాటలున్నట్టే అనిపిస్తుంది, ఏడుపు ఉన్నట్టు అనిపిస్తుంది. మాస్టారు నా పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నారు. ముసలాయన వంగి నీళ్ళలో చెయ్యి పెట్టి చూశాడు.

"ఆటు మొదలైందండి," అన్నాడు నెమ్మదిగా. "నీళ్ళు మొగకి లాగేస్తన్నాయి."

  ఆ లాగుడులో పడ్డ పడవ మొగ దాటి సముద్రంలోకి పోతుంది, అక్కడ గెడ పనికిరాదు. చెల్లెలికి ఈత రాదు. పడవలో వద్దు, కరకట్ట మీద ఉంటానంటే, నేనే చెయ్యి పట్టుకుని ఎక్కించాను.

అరగంటో, ముప్పావుగంటో.  సెట్టు పాడైందా, నీళ్ళలో పడిందా, పడవే బోల్తా పడిందా అని పోతున్న బుద్ధిని లాగి, శుక్రవారం సాయంత్రం ఏమేం నొక్కానో ఒక్కొక్కటీ తలచుకోవడం మొదలుపెట్టాను. మాస్టారి సెట్టు, రేపల్లె సెట్టు, తర్వాత మాది. మాది. ఆ ముందు వారం డాబా మీద ఉన్న సెట్టు. అది ఇప్పుడు బాబాయి చేతిలో ఉంది. ఆ మైనస్ తీసేశానా? ఎంత తలచుకున్నా, తీసేసినట్టు నా వేలికి జ్ఞాపకం లేదు.

తీయకపోతే నా మాట వాళ్ళకి వినబడుతూనే ఉంది. వాళ్ళు పలుకుతున్నారు కూడా, ఎవ్వరూ వినని చోట.

కంగారులో రెండుసార్లు తప్పు నొక్కాను. మూడోసారికి నూట నలభై నాలుగు పాయింట్ తొమ్మిది పడింది. బుస ఆగిపోయి, నా చేతిలోని సెట్టులోంచి మా చెల్లెలి గొంతు, అలిసిపోయి బొంగురుపోయిన గొంతు, వచ్చింది.

"...అక్కా, నువ్వు పిలిచిన ప్రతిసారీ పలుకుతున్నాను. ఎందుకే వినిపించుకోవు? బాబాయి తెడ్డు వేస్తున్నాడు. నాకు భయంగా ఉంది అక్కా."

నాకు ఏడవడానికి కూడా వ్యవధి లేదు. ఒకటో ఛానెల్‌లో మాట్లాడి, ఈ కొత్త అంకెకి మారి వినాలి. వాళ్ళ సెట్టు మీద మాట్లాడే మీట తప్ప ఇంకే మీటా తాకొద్దని ముందు చెప్పాను. సరిచేయబోయి ఉన్నది కాస్తా పోతుందేమోనని భయం. చెల్లెలికి లైసెన్సు లేదు, మాట్లాడకూడదు, ఆ రోజు ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఏం వినబడుతోందని అడిగితే, ఎదురుగా అలల చప్పుడన్నది. గెడకి నేల అందడం లేదన్నది.

ముసలాయన జన్మలో అలాంటి వస్తువు పట్టుకోలేదు. నేను మీట నొక్కి ఆయన నోటి దగ్గర పెట్టాను. ఆయన దానికేసి చూడలేదు, మంచులోకి చూస్తూ మాట్లాడాడు.

"అబ్బాయా, నేను. గెడ వదిలెయ్యి. అలల చప్పుడికి ఎదురుగా నిలబడు. ఎడం చేతివైపు మడ ఉంటది. నీళ్ళకి అడ్డంగా అటేసి తెడ్డెయ్యండి ఇద్దరూ. చేతులు నొప్పెట్టినా ఆపమాకండి. కొమ్మ దొరికితే వదలొద్దు, కట్టెయ్యి."

నేను అంకె మార్చి విన్నాను. అట్టాగే మావా అని అల్లుడి గొంతు. ఆ తర్వాత చెల్లెలు మీట వదలకుండా పట్టుకునే ఉంది. తెడ్ల చప్పుడు, బాబాయి ఆయాసం, మధ్యమధ్యన చెల్లెలు గొణుగుతున్న ప్రార్థన. ముసలాయన నా సెట్టుకి చెవి ఆనించి కూర్చున్నాడు. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి కొమ్మలు విరిగిన చప్పుడైంది. "పట్టుకున్నాం," అన్నది చెల్లెలు. ముసలాయన అప్పుడు తలపాగా విప్పి ముఖం కప్పుకున్నాడు.

మంచు విచ్చేసరికి పది దాటింది. వెళ్ళి చూస్తే, మొగ ఇంక కూతవేటు దూరం. మడచెట్టుకి కట్టిన పడవలో చెల్లెలు మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది, బాబాయి అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. ఒడ్డుకి చేరాక అన్నయ్యగారు ఏమయిందండీ అని అడుగుతూంటే, నేను నోరు తెరిచేలోపే బాబాయి అందుకున్నాడు.

"నా వేలు తగిలి ఏదో మీట మారిందయ్యా. ముసలి వేళ్ళు."

 అందరి ముందూ ఆ నింద ఆయన మోస్తూంటే నేను తల వంచుకుని బిస్కెట్ పొట్లం విప్పాను. ఆ తర్వాత జట్టు నిలవలేదు. చెల్లెలు మళ్ళీ సెట్టు ముట్టుకోలేదు.

ఎన్నో ఏళ్ళ తర్వాత, చెవులు దాదాపు పోయి, బాబాయి వసారాలో పడక్కుర్చీకే పరిమితమైన ఒక మధ్యాహ్నం, ఆయన పక్కన కూర్చుని, చెవి దగ్గరికి వంగి, ఆ తప్పు నాది బాబాయ్, డాబా మీద పెట్టిన మైనస్ నేనే తీయలేదు అని చెప్పేశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"తెలుసమ్మా. పడవ ఎక్కేటప్పుడే ఆ గీత చూశాను," అన్నాడు. "అదేంటో అడుగుదామనుకున్నాను. ముప్పయ్యేళ్ళు తంతి ఆఫీసులో చేసినవాణ్ణి, నీ ముందు తెలియదని ఎలా అననూ? నామోషీ వేసింది. ఆ పిల్ల నా పక్కన కూర్చుని ఏడుస్తుంటే, ఆ గీతనే చూస్తూ తెడ్డు వేశాను."

అన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండి, చెరొక వైపునుంచీ అదే తప్పుని దాచుకున్నామన్నమాట. ఆ ఏడే ఆయన వెళ్ళిపోయాడు. మాస్టారూ లేరు. ఆ రేవులో పడవలన్నిటికీ ఇప్పుడు ఇంజన్లున్నాయట, పడవ నడిపేవాళ్ళందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయట. మంచిదే. మాట అందకపోతే ఈనాటి మనుషులు విసుక్కుంటారు, మేం భయపడేవాళ్ళం. ఆ భయం పోయినందుకు సంతోషించాలనే నాకూ తెలుసు. కానీ ఆ భయంలోనే కదా, అవతలి మనిషి ఆయాసం కూడా చెవి ఆనించి విన్నాం. వసారాలో ఆ ఒక్క మధ్యాహ్నం తప్ప, నేను ఎవరినైనా అలా విని, నన్ను ఎవరైనా అలా విని, ఎన్నాళ్ళయిందో లెక్క తేలడం లేదు.