లేని తలుపుకు వంగిన తల

మా ఊరి సంత వాకిలి మీది గదిలో బడి నడిపిన అయ్యవారు మొన్న శనివారం తెల్లవారకముందే కన్నుమూశారు. కబురు తెచ్చింది అత్తరు అంగడి సాయిబు. "పెద్దాయన పోయినాడప్పా," అని మా అరుగు మీద కూలబడ్డాడు. తలగుడ్డ తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

ఆ వాకిలి చూడనివారికి చెబుతాను. బయటివైపు నవాబుల కాలపు రాతి కమాను. లోపలివైపు అంతకంటే పాత స్తంభాలు, వాటి మీద అడ్డంగా ఒకే ఒక్క దూలం. పైన ఒకప్పుడు నగారా మోగిన గది. మా బడి అదే. అయ్యవారు మమ్మల్ని కిందికి దించి, కమానూ స్తంభాలూ కలిసే గోడకు చేతులు ఆనించమనేవారు. "కమాను కట్టినోడు ఒకడు, దూలం ఎత్తినోడు ఇంకొకడు. ఒకరి మొగం ఒకరు చూసుండరు. బరువు మాత్రం కలిసి మోస్తాండారు," అనేవారు.

వాకిలికి పెద్ద తలుపులూ, వాటిలో మనిషి వంగి దూరే దిడ్డి తలుపూ ఉండేవట. పుచ్చిపోతే నేను పుట్టకముందే పీకేశారు. అయినా అయ్యవారు అక్కడికి రాగానే తల వంచేవారు. చిన్నతనంలో దిడ్డికి కొట్టుకున్న మచ్చ ఆయన నుదుటి మీద ఉండేది. "తలుపు లేకపోతే ఏమిరా, దెబ్బ గుర్తుండాది గదా," అని నవ్వేవారు. మేము వెక్కిరింతకు మొదలుపెట్టి, చివరికి అలవాటుపడ్డాం. ఊరంతా అంతే. ఒకసారి గుర్రం మీద వచ్చిన దొర, మేమంతా తనకే సలాము చేస్తున్నామనుకుని టోపీ తీశాడు. అయ్యవారు ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నారు.

కలరా గత్తర వచ్చిన ఏడు ఆయన భార్య పోయింది. బడి వదలగానే మాకందరికీ మజ్జిగ పోసిన తల్లి. శ్మశానానికి సంత లోంచి పోతే దగ్గర. అంగళ్లవాళ్లు అడ్డం నిలబడ్డారు. "లక్ష్మి ఉండే తావు సామీ, ఈడికి పీనుగ రాకూడదు," అన్నాడు వాళ్ల పెద్దశెట్టి. అయ్యవారు వెనక్కి మళ్లమని మాకు చేయి చూపారు. పాడెను వెనక ముళ్లకంపల సందులోంచి తిప్పి తీసుకుపోయాం. కర్మలు కాగానే ఆయన బడికి వచ్చి, అదే శెట్టి మనవడి చేయి పట్టుకుని గుణింతాలు దిద్దించారు. నాకు మాత్రం ఆ కోపం చల్లారలేదు.

మంచం పట్టాక నన్ను ఒక్కటే అడిగారు. "నన్నూ ఆ సందులోనే తీసకపో నాయనా. ఆమె పోయిన దావ అది."

శనివారం పాడె సంత దగ్గరికి వచ్చేసరికి అంగళ్లన్నీ మూసి ఉన్నాయి. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, బంతిపూలు పరిచారు. కమాను కింద పెద్దశెట్టి, ముసలితనంతో వణుకుతూ, చేతులు జోడించి నిలబడ్డాడు.

"ఈ దావన రానీయప్పా. ఆ పొద్దు నేను చేసింది శానా ఏండ్లుగా నన్ను తింటాండాది."

"ఆయన ఆ సందునే అడిగినాడు శెట్టీ," అన్నాను.

ఆ మాట అంటే నా కోపం తీరుతుందని ఎన్నాళ్లుగానో అనుకున్నాను. తీరలేదు. శెట్టి ముఖం చూడలేక తల తిప్పుకున్నాను.

పాడె సందులోకి మళ్లింది. సందు మొదట్లో ఒకసారి వెనక్కి చూశాను. శెట్టి మా వెంట రావాలని, పూలు తొక్కకుండా గోడవార నడిచి వస్తున్నాడు. తలుపు ఉండిన చోటికి రాగానే ఆగి, తల వంచాడు. సందు మలుపు తిరిగేదాకా చూశాను. ఆ తల లేవలేదు.