చూడామణి ఒక్కపొద్దులు

పొద్దున్నే మొహం కడుక్కోగానే చూడామణి గోడ మీది క్యాలెండరు దగ్గర నిలబడి ఆనాటి వారం, తిథి, నక్షత్రం పైకి చదువుతుంది. మంచం మీద నుంచి అత్తగారు భారతీదేవి ఊఁ కొడుతుంది. జగ్గయ్యపేటలో ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.

భారతీదేవి కొడుకు ఉపేంద్ర నందిగామలో ఒక ఆఫీసులో గుమాస్తా. తొంభై రెండులో అక్కడే గది అద్దెకు తీసుకున్నాడు. మొదట్లో వారానికోసారి, తర్వాత పండక్కోసారి వచ్చేవాడు. ఆ తర్వాత రావడమూ మానేశాడు, డబ్బు పంపడమూ మానేశాడు. గొడవపడి వెళ్లినవాడు కాదు. అందుకని ఏమని నిలదీయాలో ఎవరికీ తెలియలేదు.

మూడేళ్లు చూడామణి అప్పడాలు వత్తి ఇల్లు నడిపింది. వానాకాలం వస్తే అప్పడం ఎండదు, చేతిలో పైసా ఆడదు. చివరికి భారతీదేవే అంది.

"వాడు నా కొడుకే. కానీ నిన్నీ ఇంటికి తెచ్చింది నేను. పద, ప్లీడరు దగ్గరికి పోదాం."

నందిగామ ప్లీడరు ప్రేమానందం నిదానస్తుడు. విడాకులంటారేమోనని చూడామణి భయపడింది.

"విడాకులు కాదమ్మా, మనోవర్తి. మీరాయన భార్య కాబట్టే అడుగుతున్నారు" అని చెప్పి, రాసిన అర్జీ చదివి వినిపించాడు. "తన్ను తాను పోషించుకొనలేని స్థితిలో ఉన్నందున" అనే చోట ఆమె ఆపింది.

"ఆ మాట తీసెయ్యండి."

"తీసేస్తే కేసే లేదమ్మా. చట్టంలో ఉన్న మాట."

"ఇన్నాళ్లూ మమ్మల్నెవరు పోషించారనుకుంటున్నారండి?"

"సంతకం పెట్టవే. నీ పౌరుషం ఇంటికెళ్లాక చూద్దాం" అంది అత్తగారు.

వాయిదా రోజున చూడామణి బోనులో నిలబడింది. వెనక బెంచీ మీద ఇస్త్రీ చొక్కాతో ఉపేంద్ర. అతని ప్లీడరు చాలా మర్యాదగా మొదలుపెట్టాడు.

"మీ అప్పడాలు బాగుంటాయటగా?"

"నందిగామ నుంచి కూడా వచ్చి తీసుకెళ్తారండి."

"అయితే మీ ఇంట్లో పస్తులనే మాటే లేదన్నమాట."

చూడామణి మొహం ఎర్రబడింది. బియ్యం అయిపోతే 'అయిపోయాయి' అనకూడదు, 'నిండుకున్నాయి' అనాలి అని నేర్పిన ఇంట్లో పుట్టింది. అలాంటి ఇంటికే కోడలిగా వచ్చింది. ఇంతమందిలో, అందులోనూ ఆయన ఎదురుగా!

"పస్తులేంటండి? వేళకొచ్చిన వాళ్లకి కూడా అన్నం పెట్టే పంపిస్తాం."

"చాలండి" అని ఆ ప్లీడరు తృప్తిగా కూర్చున్నాడు.

ప్రేమానందం నుదురు రుద్దుకున్నాడు. ఆ ఒక్క జవాబుతో అర్జీ కొట్టేసినా ఆశ్చర్యం లేదు. అప్పుడు వెనక నుంచి భారతీదేవి ముందుకు వంగి మెల్లగా అంది. "మా కోడలికి ఈమధ్య భక్తి ముదిరింది బాబూ. ఒక్కపొద్దుల సంగతి అడగండి."

చర్చికి వెళ్లే ప్రేమానందానికి అది వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచాడు.

"వారంలో ఎన్ని రోజులు ఒంటిపూట భోజనం చేస్తారమ్మా?"

"సోమవారం శివుడికి, గురువారం బాబాకి, శుక్రవారం అమ్మవారికి, శనివారం వెంకటేశ్వరస్వామికి."

"మీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడో?"

చూడామణి బోను కర్ర పట్టుకుంది.

"శనివారం ఒక్కటేనండి."

మేజిస్ట్రేటు రాయడం ఆపి తలెత్తాడు. "ఏకాదశులు కూడా ఉంటారా?"

"ఆరోజు మంచినీళ్లేనండి." ఎవరో నవ్వబోయి ఆగారు. ఆమె గబగబా అంది. "అబద్ధం కాదండి. దణ్ణం పెట్టుకునే ఉంటున్నా."

ఉపేంద్ర తల ఎత్తలేదు.

బయటికొచ్చాక చూడామణి అత్తగారి వైపు చూడలేకపోయింది. "మీకెప్పుడు తెలిసింది అత్తయ్యా?"

"నేనూ ముప్పై ఏళ్లు సంసారం ఈదినదాన్నే. బుధవారానికి ఏ దేవుణ్ణి వెతుకుతావా అని చూస్తున్నా." భారతీదేవి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇవాళ మంగళవారం. ఇవాళ ఏ దేవుడికీ మొక్కలేదుగా? పద, బస్టాండులో ఇడ్లీ తిందాం."

రెండు ప్లేట్లు తెప్పించి, తన దాంట్లోంచి ఒక ఇడ్లీ కోడలి ప్లేటులో వేసింది. చూడామణి వద్దనలేదు.

తొంభై ఏడులో తీర్పు వచ్చింది. చట్టం అప్పట్లో ఇవ్వనిచ్చిన గరిష్ఠం నెలకు అయిదు వందలు. అంతా ఇమ్మన్నారు. తర్వాత చట్టంలో ఆ పరిమితి తీసేశారని పేపర్లో చదివి, రెండువేల మూడులో చూడామణి ఒక్కతే బస్సెక్కి వెళ్లి పెంచమని అర్జీ పెట్టుకుంది. ఈసారి "పోషించుకొనలేని" అన్న మాట దగ్గర ఆగకుండా సంతకం చేసింది. పెంచారు.

ఇప్పుడామెకు యాభై ఏళ్లు, భారతీదేవికి ఎనభై రెండు. ఇద్దరూ జగ్గయ్యపేటలో ఆ ఇంట్లోనే ఉంటున్నారు.