సతీష్ చేతికి మైకు

ఆసిఫాబాద్ దగ్గర అడవి అంచున గుడారాలు వేసి జరుపుతున్న పాటల పండగకు ఈ రోజు మా సుల్తానాబాద్ దోస్తులం ముగ్గురం వెళ్ళాం. పొద్దున్నుంచి ఒకదాని తర్వాత ఒకటి బ్యాండ్లు వాయిస్తూనే ఉన్నాయి, మేం బీర్లు తాగుతూనే ఉన్నాం. మాలో సతీష్ కాస్త ఎక్కువే తాగాడు.

సాయంత్రం ఒకమ్మాయి గిటారు వాయిస్తూ పాడుతుంటే వాడు ఉన్నట్టుండి స్టేజీ ఎక్కేశాడు. జనం గోల చేశారు. ఇద్దరు వలంటీర్లు వచ్చి వాడి చొక్కా పట్టుకుని లాగారు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ అమ్మాయి పాట ఆపి, "జర ఆగుండ్రి" అని వాళ్ళను వారించింది. "ఏం గావాలె అన్నా?" అని వాణ్ని అడిగింది.

"మా అవ్వ నాట్లేసేటప్పుడు ఒక పాట పాడుతుండె. గదొక్కటి పాడి దిగిపోత అక్కా."

ఆమె మైకు వాడి చేతికిచ్చింది. రెండు లైన్లు పాడి వాడు ఆగిపోయాడు. "మిగిలింది యాదికొస్తలేదు" అన్నాడు ఏడుపు గొంతుతో. ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"గీ రెండు లైన్లు చాలన్నా" అంటూ ఆ వరుసను గిటారు మీద పట్టుకుని వాడితో కలిసి మళ్ళీ మళ్ళీ పాడింది. వెనక డ్రమ్ములు కలిశాయి. కాసేపటికి మైదానమంతా వాళ్ళవ్వ పాటే.

తాగి స్టేజీ ఎక్కినవాణ్ని కిందికి దింపడం ఎవరికైనా వచ్చు. నేనైతే మైకు ఇచ్చేవాణ్ని కాదు. మీరు ఇచ్చేవాళ్ళేనా? నిజం చెప్పండి.