మిరప కల్లంలో రెండో రౌండు

నేనెప్పుడూ కబడ్డీ ఆడలేదు. మా ఊరి జట్టుకు బనియన్లు కుడతాను, అంతే. పెళ్ళై ఈ ఊరొచ్చిన ఏడాది నుంచీ ఏడు బనియన్లూ, వాటి వెనక ఏడు అంకెలూ నా కుట్టుమిషన్ మీదే తయారవుతున్నాయి. అందుకని జట్టు నాదే అనుకుంటాను. కాదన్నవాడు ఇంతవరకూ లేడు.

ఏటా మిరప కోతలు అయిపోయే రోజుల్లో పక్క టౌనువాళ్ళు కబడ్డీ కప్పు పెడతారు. ఒక్క ఆట ఓడితే ఇంటికే. పూర్వం చీట్లు తీసి జతలు కట్టేవాళ్ళు. జతలో ఎవరి చీటీ ముందు వస్తే ఆట వాళ్ళ ఊళ్ళో. అందువల్ల ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చి పోషించే పెద్ద జట్లు కూడా మాలాంటి ఊళ్ళకు రాక తప్పేది కాదు.

మా ఊళ్ళో ఆటకు చోటంటే మిరప కల్లమే. ఎండిన కాయలు ఎత్తేశాక ఆ నేల మీదే ముగ్గుతో గీతలు గీసేవాళ్ళు. నాలుగు అడుగులు గట్టిగా వేస్తే చాలు, కారం దుమ్ము లేస్తుంది. ఒక ఏడు అలాంటి పెద్ద జట్టొకటి సొంత బస్సులో దిగింది. కబడ్డీలో కూత ఒకే ఊపిరిలో సాగాలి కదా, వాళ్ళ మొనగాడు మా గీత దాటి రెండడుగులు వేశాడో లేదో దగ్గు తెర కమ్ముకొచ్చింది. కూత తెగింది, ఔట్. తర్వాత వచ్చినవాడూ అంతే. ఒక్క పాయింటుతో గెలిచాం. "ఇదేం ఆటమ్మా" అని వాళ్ళ మేనేజరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అడిగితే, "మేం పీల్చే గాలే మీకూ ఇచ్చామండి" అన్నాను. ఆ మాట ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత టౌనులో మ్యాట్ వచ్చింది. ఆటలన్నీ అక్కడే. పెద్ద జట్లు ముఖ్యమైన ఆటగాళ్ళను దాచుకుని రెండో వరసవాళ్ళను పంపడం మొదలుపెట్టాయి. ఇళ్ళల్లో టీవీ పెడితే రోజూ కబడ్డీయే. మూడు ట్రాక్టర్లలో కేకలేసుకుంటూ వెళ్ళిన ఊరు, పోయినేడు ఒక్క ఆటోలో వెళ్ళింది. అందులోనూ చోటు మిగిలింది.

ఈ ఏడు కెప్టెన్ మా ఇంటికొచ్చాడు. ఆటో నడుపుతాడు, నన్ను అక్కా అంటాడు.

"అక్కా, ఈసారి పేరివ్వట్లేదు. బనియన్లు కుట్టబాకు."

"ఏరా, ఏమొచ్చింది?"

"చూసేవాళ్ళు లేరక్కా. కుర్రాళ్ళకీ మనసు లేదు. ఎవరి కోసం ఆడాలి?"

ఒక్క ఏడు మానేస్తే జాబితాలోంచి ఊరి పేరు కొట్టేస్తారు. మళ్ళీ ఎక్కించుకునే ఉద్దేశం కప్పు పెట్టేవాళ్ళకు ఎటూ లేదు. నాకు ఒళ్ళు మండింది. "కుట్టేశాను, ఇప్పుడేం చేయమంటావు?" అన్నాను. అప్పటికి గుడ్డ కూడా కత్తిరించలేదు. అతను గుమ్మం దాటగానే కత్తెర తీశాను.

అలా వెళ్ళాం. తీరా వెళ్తే మాతో ఆడాల్సిన పెద్ద జట్టు అసలు రాలేదు. ఏవో వేరే పోటీలున్నాయట. రిఫరీ ఈల వేశాడు. మా కెప్టెన్ ఖాళీ సగంలోకి వెళ్ళి, ఎవరూ లేని చోట కూత పెట్టి, తిరిగొచ్చాడు. గెలిచామన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు సిగ్గేసింది. ఓడినప్పుడు కూడా అంత సిగ్గుపడలేదు.

పర్చూరు వైపు నుంచి వచ్చిన ఒక ఊరికీ అదే గతి పట్టింది. రెండో రౌండు మాకూ వాళ్ళకూ. నేను నేరుగా నిర్వాహకుడి దగ్గరికెళ్ళి, ఆ ఆట మా కల్లంలో ఆడతామన్నాను. ఆయన బరువు దిగినట్టు చూశాడు.

"వాళ్ళు ఒప్పుకుంటే సరేనండి. ఎవరు గెలిచారో ఫోన్ చేసి చెప్పండి చాలు. రిఫరీని పంపుతాను."

వాళ్ళ కెప్టెన్ని అడిగితే నవ్వాడు. "కల్లమా? తప్పకుండా వస్తామండి." ఆ నవ్వు చూసైనా నేను అనుమానించాల్సింది.

ఆదివారం సాయంత్రం ఆట. శుక్రవారం నమాజు అయ్యాక మసీదు బయటా, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయటా నిలబడి ప్రతివాళ్ళకీ చెప్పాను. కల్లం మాత్రం ఊడవనివ్వలేదు. జనం నిజంగానే వచ్చారు. నిలబడే చోటు లేక, కాయలు నింపి పక్కన పేర్చిన మిరప టిక్కీల మీదికెక్కారు. వాళ్ళ ఊరి నుంచీ రెండు ట్రాక్టర్లు దిగాయి.

వాళ్ళ మొదటి ఆటగాడు గీత దాటాడు. మావాళ్ళు కావాలనే కాళ్ళు నేలకేసి రుద్దారు, ఎర్రగా దుమ్ము లేచింది. అందరం దగ్గు కోసం చూస్తున్నాం. అతను ఆ దుమ్ములోనే నింపాదిగా కూత పెట్టి, ఇద్దరిని ముట్టుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళదీ మిరప ఊరే. ఆ సంగతి మా ఊళ్ళో ఒక్కరికీ తట్టలేదు. తాతకు దగ్గులు నేర్పబోయాం.

ఇక ఆటే ఆడాల్సి వచ్చింది. మావాళ్ళు అంత బాగా ఆడగా నేను ఏనాడూ చూడలేదు. చివరి కూతకు మా కెప్టెన్ వెళ్ళాడు. నలుగురు మీద పడి పట్టుకుంటే, గీతకు జానెడు దూరంలో ఊపిరి అయిపోయింది. రెండు పాయింట్లతో ఓడిపోయాం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, మేం ఇంట్లోనే ఓడాం. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. కారం దుమ్ము అనుకుంటారులే అనుకున్నాను.

జనం మాత్రం కదల్లేదు. రెండు ఊళ్ళవాళ్ళూ కల్లం మధ్యలో నిలబడి చివరి పట్టు గురించి వాదించుకుంటున్నారు. వాళ్ళని తోసుకుంటూ మా కెప్టెన్ వచ్చాడు. ఒళ్ళంతా ఎర్రమట్టి. బనియన్ విప్పి నా చేతిలో పెట్టాడు.

"చంక దగ్గర చిరిగిందక్కా. కుట్టి ఉంచు."